కాబ్లర్ తోకలో కాగితాలు

జూన్ 3, మంగళవారం

ఈ పేజీ పైన మా ఆవిడ నోలీన్ పెన్సిల్‌తో "నిమ్మచెట్టుకి సున్నం" అని రాసుకుంది. ఏడాదిలో చేయాల్సిన పనులన్నీ జనవరిలోనే ఇలా ఏ తేదీ కింద ఆ తేదీ రాసి పెట్టుకోవడం ఆమెకు అలవాటు. డైరీ ఆమెదే. ఏప్రిల్‌లో ఆమె పోయిన దగ్గర్నుంచి ఊరికే పడి ఉంది కదా అని నేను రాస్తున్నాను. కాగితం వృథా చేయడం నాకిష్టం ఉండదు, అంతే. ఏప్రిల్ పేజీలు మాత్రం తెరవను. రాబోయే తేదీల పేజీలు కూడా తిప్పి చూడను. ఏ రోజు పేజీ ఆ రోజే.

పొద్దున గ్వెండా పాస్కో ఫోన్ చేసింది. దిక్కులేని పక్షుల్ని తెచ్చి పెంచి, అడిగినవాళ్ళకి వరుస ప్రకారం ఇస్తుంటుంది. నోలీన్ స్నేహితురాలు.

"వెర్న్, నా జాబితాలో నోలీన్ వంతు వచ్చింది. పోయినేడు లవ్‌బర్డ్ కావాలని పేరు రాయించుకుంది. కొట్టెయ్యమంటావా?"

నాకు పక్షి ఎందుకు? నలభై ఏళ్ళు షెడ్లు తిరిగి గొర్రెల ఉన్ని కత్తిరించినవాణ్ణి. గొర్రె, కుక్క, గుర్రం, వీటిని జంతువులంటారు. మిగతావన్నీ అలంకారాలు. కానీ ఆ "కొట్టెయ్యడం" అనే మాట చెవిన పడగానే నోరు దానంతటదే లేచింది.

"ఉండనీ," అన్నాను.

నిమ్మచెట్టుకి సున్నం వేయలేదు. మా వైపు జూన్ అంటే చలికాలం, పైగా వాన.

జూన్ 8, ఆదివారం

పక్షి వచ్చింది. ఆకుపచ్చ ఒళ్ళు, పండిన పీచ్ పండు రంగు మొహం, గుప్పెడంత ఉంది. రొమ్ము మీద ఈకల్లేవు. జత చచ్చిపోయాక తనే పీక్కుందట. ఇద్దరు తీసుకెళ్ళి, మా వల్ల కాదు మహాతల్లీ అని తిరిగి ఇచ్చేశారట. పంజరం వంటింటి బల్ల మీద, పొయ్యికి కాస్త దూరంగా పెట్టాం. అది మూలకి పోయి గోడకేసి తిరిగి కూర్చుంది.

"ఆరు వారాలు," అంది గ్వెండా. "ఆ లోపల తనంతట తను నీ చేతి మీదికి రావాలి. ఉన్న బరువు తగ్గకూడదు. లేదంటే తీసుకెళ్ళి తర్వాతి పేరుకి ఇచ్చేస్తా."

"అప్పుడు నోలీన్ పేరు?"

"వంతు అయిపోయింది కాబట్టి కొట్టేస్తాను. నా వైపు అలా చూడకయ్యా. నాకూ బాధే. కానీ రూలు పెట్టుకున్నాక అందరికీ ఒకటే."

వేళ్ళ మీద లెక్క వేసి "జూలై ఇరవై, ఆదివారం, పదకొండింటికి వస్తా" అంది. ఆ తేదీ ఎక్కడో విన్నట్టే ఉంది. కళ్ళ డాక్టరయి ఉంటుంది. ఆదివారం కళ్ళ డాక్టరెక్కడుంటాడు? ఏమో.

పేరు కాబ్లర్ అని పెట్టాను. షెడ్డులో అందరూ వదిలేయగా దొడ్లో చివరికి మిగిలే మొండి గొర్రెని మేం అలా పిలుస్తాం.

జూన్ 9

తినలేదు.

జూన్ 10

నేను చూస్తుంటే తినదు. కట్టెలకి వెళ్ళొచ్చేసరికి పంజరం కింద పొట్టు ఉంది. దొంగముండ.

జూన్ 13, శుక్రవారం

బ్లూ వచ్చాడు. ముప్పై ఏళ్ళు షెడ్డులో నా పక్క స్థానం వాడిదే. ఒకప్పుడు వాడి జుట్టు నిప్పులా ఎర్రగా ఉండేది, అందుకని బ్లూ. మా దగ్గర పేర్లు అంతే, తిరగేసి పెడతాం. ఇప్పుడు జుట్టూ లేదు, వినికిడీ సరిగ్గా లేదు. యంత్రాల హోరులో బతికిన గొంతు మాత్రం అలాగే ఉంది.

"ఏరా, కోడిని పెంచుతున్నావటగా! ఎప్పుడు కోస్తున్నావ్? దీంతో రొట్టె ముక్క కూడా నిండదు కదరా!" అని గుమ్మంలోంచే అరిచాడు.

కాబ్లర్ తల్లకిందులుగా కమ్మీలకి అతుక్కుపోయి రెక్కలు కొట్టుకుంది. నాకేం తోచక "చెరువులో బాతులు!" అని అరిచాను.

బ్లూ నోరు టక్కున మూతపడింది. షెడ్డు వైపు ఆడమనిషి ఎవరైనా వస్తుంటే ముందు చూసినవాడు అరవాల్సిన మాట అది. వినపడితే చాలు, బూతులన్నీ ఆగిపోతాయి, మగాళ్ళంతా బడిపిల్లలైపోతారు. వాడు టోపీ కూడా తీసేసి వెనక్కి చూశాడు.

"ఎవర్రా?"

"ఇదే. ఇదీ ఆడదేనట."

"ఓరి నీ," అని మిగతా మాట మింగేశాడు.

జూన్ 17, మంగళవారం

ఇవాళ మంచి రోజు. రాసి పెట్టుకోవాలి.

పంజరం కడుగుతుంటే కాబ్లర్ బయటికి ఎగిరి కర్టెన్ పట్టుకుంది. గంటసేపు బతిమాలాను. ఇక లాభం లేదని వెనక నుంచి వెళ్ళి పని తెలిసినవాడిలా పట్టుకున్నాను. గొర్రెనైనా అంతే. వదులుగా పట్టుకుంటే బెదిరిపోయి తన్నుకుంటుంది. పట్టు గట్టిగా ఉండి వెల్లకిలా పడితే, ఇక చేసేదేం లేదని తెలిసి కుదురుకుంటుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి నేను నేర్పిన మొదటి పాఠం ఇదే.

ఇదీ కుదురుకుంది. అరచేతిలో వెల్లకిలా పడుకుని నా వైపే చూస్తూ ఉండిపోయింది. గుండె ఎంత వేగంగా కొట్టుకుందో వేలి చివరికి తెలిసింది. పొయ్యి పక్కన కూర్చుని చాలాసేపు అలాగే పట్టుకున్నాను. కిటికీ బయట మంచు పట్టి వీధి కనబడలేదు. ఇల్లు ఎక్కడికో కొట్టుకుపోతున్నట్టు, అందులో మేమిద్దరమే మిగిలినట్టు అనిపించింది. ఎన్ని నెలలైందో ఊపిరి తీసే ప్రాణిని చేత్తో ముట్టుకుని.

పది రోజులకే చేతికొచ్చేసింది. గ్వెండా ఆరు వారాలంది.

జూన్ 18

తినలేదు. నిన్న అలసిపోయి ఉంటుంది.

జూన్ 19

తినలేదు. నేను వంటింట్లో అడుగుపెడితే చాలు, మూలలో ఉబ్బి బంతిలా అయిపోతోంది. చలి కాబోలు. పొయ్యిలో ఇంకో దుంగ వేశాను.

జూన్ 20, శుక్రవారం

చలి కాదు.

గ్వెండాకి ఫోన్ చేస్తే కాఫీ కూడా తాగకుండా వచ్చేసింది. తక్కెడలో పెట్టి చూస్తే వచ్చినప్పటికంటే నాలుగు గ్రాములు తక్కువ. నాలుగు గ్రాములా, అంతేనా అన్నాను. నీకైతే ఆరు కేజీలు పోయినట్టు అంది.

"ఏం చేశావ్ నిజం చెప్పు. పట్టుకున్నావా?"

"పట్టుకున్నా. బాగానే పట్టుకున్నా. కదల్లేదు కూడా."

"కదల్లేదా! డేగకి చిక్కిన పక్షి కదుల్తుందేమిటయ్యా? చచ్చిపోయాననుకుంది. నువ్వేమో బజ్జుందనుకున్నావు."

"గొర్రె అయితే..."

"గొర్రెకి నీతో ఏం పని? ఉన్ని తీయించుకుని దూకి పారిపోతుంది, మళ్ళీ ఏడాదిదాకా నీ మొహం చూడక్కర్లేదు. ఇది రోజూ నీతో కాపురం చెయ్యాలి."

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, కాస్త మెత్తగా, "చెయ్యి బల్ల మీద పెట్టి దాని సంగతి మర్చిపో. నీ పని నువ్వు చేసుకో. వస్తే అదే వస్తుంది" అంది.

నోలీన్ కూడా నేను గొంతు పెంచితే మెదలకుండా గిన్నెలు కడుక్కునేది. ఒప్పుకుందనుకునేవాణ్ణి.

జూన్ 21

నిన్నటి ఆఖరి వాక్యం కొట్టెయ్యాలని పెన్ను తీశాను. కొట్టలేదు.

జూన్ 26

నాకున్న పని ఈ డైరీయే. అందుకని వంటింటి బల్ల మీదే రాస్తున్నాను. పంజరం తలుపు తెరిచి ఉంది. కుడిచేత్తో రాస్తాను. ఎడమ చెయ్యి బల్ల మీద, అరచెయ్యి పైకి, అందులో ఒక కొర్ర కంకి. పనిలో ఎడమ చెయ్యి గొర్రెని పట్టుకునేది, కుడిచెయ్యి కత్తిరించేది. ఇప్పుడా ఎడమ చేతికి ఊరికే పడి ఉండడం నేర్పుతున్నాను. అరవై ఎనిమిదేళ్ళకి బడిలో వేశాను దాన్ని.

రాలేదు.

జూన్ 27

చెయ్యి. రాలేదు.

జూన్ 28

చెయ్యి. మధ్యలో కునుకు పట్టేసింది. లేచేసరికి అరచేతిలో కొర్ర పొట్టు ఉంది. నేనే రాల్చి ఉంటాను.

జూన్ 29

నేను రాల్చలేదు. కళ్ళు సగం మూసి చూశాను. తలుపు దగ్గరికి వచ్చి, మెడ సాగదీసి, కంకి చివర ఒక్కటి కొరికి, ఏమీ ఎరగనట్టు వెనక్కి నడిచింది. ఆ నడక చూస్తే నవ్వొచ్చింది. ఆపుకున్నాను. నవ్వినా చెయ్యి కదుల్తుంది.

జూలై 2, బుధవారం

పంజరం అడుగున పరిచిన పాత పేపరుని అంచు వెంబడి సన్నగా, ఒకే వెడల్పున, గీత గీసినట్టు ముక్కుతో కత్తిరిస్తోంది! ఒక్కో ముక్కనీ తీసుకెళ్ళి తోక మీది ఈకల్లో గుచ్చుకుంటోంది. సగం జారి పడిపోతున్నాయి. తోక నిండా వానల వార్తలూ గొర్రెల ధరలూ పెట్టుకుని రాణిలా తిరుగుతోంది. నా నలభై ఏళ్ళలో అంత తిన్నని కోత కోసినవాణ్ణి ఇద్దరినే చూశాను.

గ్వెండాకి ఫోన్ చేశాను.

"గూడు కోసం మోసుకెళ్తుంది. ఆడవి అలాగే చేస్తాయి. ఉందామా పోదామా అని ఆలోచిస్తోందన్నమాట," అంది.

జూలై 6, ఆదివారం

మధ్యాహ్నం పొయ్యి పక్కన నిద్రపోయాను. కలలో పెద్ద షెడ్డు. రేకుల కప్పు సందుల్లోంచి ఎండ కర్రల్లా దిగుతోంది. దొడ్లో గొర్రెల బదులు ఆకుపచ్చ పక్షులు, వందలకి వందలు. నా వంతు ఎంతకీ తరగదు. అంతలో తలుపు దగ్గర నోలీన్, టీ కెటిలు పట్టుకుని. బాతుల మాట ఎవరూ అరవలేదు. ఎవరూ నోరు మూసుకోలేదు. బ్లూ బూతులు తిడుతూనే ఉన్నాడు, ఆమె నవ్వుతూనే ఉంది.

నిజంగా ఒకసారి వచ్చింది, పెళ్ళయిన కొత్తలో. షెడ్డంతా చచ్చినట్టు చప్పబడిపోయింది. ఇంటికొచ్చాక "నేనొస్తే మీరంతా ఎందుకలా అయిపోతారు?" అని అడిగింది. గౌరవం అన్నాను. "నాకు మీరు మాట్లాడుకునేది వినాలని ఉండింది" అంది.

లేచేసరికి కాబ్లర్ పంజరం గుమ్మంలో కూర్చుని నన్ను చూస్తోంది. కల ఇంకా పూర్తిగా వదల్లేదు. "రా, విను" అన్నాను దానితో. ఉన్ని గురించీ, వానల గురించీ, బ్లూ ఒకసారి పొట్టేలు మీద కూర్చుని ఏట్లో పడ్డదాని గురించీ చీకటి పడేదాకా చెప్పాను. నోలీన్‌కి ఒక్కటీ చెప్పలేదు ఇందులో.

జూలై 9, బుధవారం

పాడుచేసుకున్నాను.

ఇంత బాగా జరిగింది. పంజరం దిగి బల్ల మీద నడుచుకుంటూ డైరీ దగ్గరికి వచ్చింది. దీని కాగితం పల్చన, పేపరు కంటే మెత్తన. దానికి నచ్చింది. అంచు పట్టుకుని కోయడం మొదలుపెట్టింది. నేను ఊపిరి బిగపట్టి కూర్చున్నాను. కోత పైకి పోతోంది, పైన నోలీన్ పెన్సిల్‌తో "వెర్న్ ఊలు కోటు ఉతకాలి" అని రాసిన చోటికి. చెయ్యి లేచింది. నేను లేపలేదు, అదే లేచింది. పుస్తకం లాగేశాను.

అది ఎగిరి కిటికీ అద్దానికి కొట్టుకుని కర్టెన్ కర్ర మీద పడింది. సాయంత్రందాకా దిగలేదు.

అక్షరాలు దక్కాయి. వాటిని చూస్తూ కూర్చున్నాను. ఊలు కోటు ఉతకాలి. ఎంత గొప్ప మాట దక్కించుకున్నానో చూడు.

జూలై 10

పంజరంలోకి వెళ్ళింది. గోడకేసి కూర్చుంది.

జూలై 11

గోడకేసే.

జూలై 14, సోమవారం

ఎడతెరిపి లేని వాన. బ్లూ వచ్చాడు. తడిసిన కోటు వరండాలో విప్పి, చెప్పులు విడిచి, పిల్లిలా లోపలికి వచ్చాడు. వాడికి రహస్యంగా మాట్లాడడం వచ్చని ముప్పై ఏళ్ళలో నాకు తెలియదు.

"ఏరా, ఎంతవరకొచ్చింది?"

"పోతే పోతుంది. నాకెందుకు పక్షి?"

"నా దగ్గరా నీ వేషాలు? పొద్దున్నే గడ్డం గీసుకుని, జుట్టు దువ్వుకుని కూర్చుంటున్నావు. ఎవరి కోసంరా? నా కోసమా?"

లేచి పొయ్యిలో ఇంకో దుంగ వేశాను. తర్వాత నేనే అన్నాను. "ఇది వెళ్ళిపోతే నోలీన్ పేరు కొట్టేస్తార్రా. బ్యాంకులో కొట్టేశారు, ఓటర్ల జాబితాలో కొట్టేశారు, ఫోన్ బిల్లులో కొట్టేశారు. అన్నిచోట్లా నేనే సంతకం పెట్టాను. ఆమె ఇంకా ఏదో కావాలని ఎదురుచూస్తున్నట్టు రాసి ఉన్నది ఆ ఒక్కచోటే." 

బ్లూ బల్ల మీద తన పెద్ద చెయ్యి తీసుకొచ్చి నా ఎడమ చేతి పక్కన పెట్టాడు, అరచెయ్యి పైకి. ఇద్దరం అలాగే కూర్చున్నాం, బిచ్చగాళ్ళలా. కాబ్లర్ ఒకసారి తల తిప్పి చూసి మళ్ళీ గోడకేసి తిరిగింది.

"మొండిదిరా," అన్నాడు బ్లూ మెచ్చుకోలుగా.

జూలై 17

కొర్ర కంకి తింది. చేతిలోది కాదు, చేతి పక్కది.

జూలై 18

చేతిలోది. రెండు గింజలు. పంజరం గుమ్మం మీద కాళ్ళుంచి, మెడ మాత్రం ఇవతలికి.

జూలై 19

రేపు.

జూలై 20, ఆదివారం

సగం పేజీలో రాస్తున్నాను. కుడివైపు సగం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఎనిమిదింటికి పంజరం తలుపు తీసి, చెయ్యి పెట్టి, పేజీ తిప్పాను. బయట మంచు. నిమ్మచెట్టు కూడా కనబడలేదు. పొయ్యిలో కట్టె చిటపటమంటోంది. పేజీ పైన, కుడివైపు, పెన్సిల్‌తో ఉంది.

"నలభై రెండేళ్ళు. ఈసారి వెర్న్‌కి గుర్తు చెయ్యను. మర్చిపోతే వారం రోజులు వంట బంద్."

పెళ్ళిరోజు. కళ్ళ డాక్టరట, నా మొహం! గ్వెండా వేళ్ళ మీద లెక్కపెట్టి నోటితో చెప్పినా గుర్తు రాలేదు. నలభై రెండేళ్ళలో ఎన్నిసార్లు గుర్తుందో వేళ్ళ మీద లెక్కపెట్టనక్కర్లేదు, ఒక్క వేలు చాలు. నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. చాలాసేపు వచ్చింది. ఏప్రిల్ నుంచి రానిదంతా ఒకేసారి వచ్చింది. కానీ ఎడమ చెయ్యి కదపలేదు. అది మాత్రం బడికి సరిగ్గా వెళ్ళింది.

కళ్ళు తుడుచుకోకుండా కూర్చుంటే, మణికట్టు మీద చల్లగా, గీసుకున్నట్టు తగిలింది.

కాబ్లర్ ఎక్కింది. కంకి కోసం కాదు. కంకి వైపు చూడలేదు కూడా. మణికట్టు మీంచి అరచేతిలోకి దిగింది. బరువే లేదు. నా చెయ్యి పేజీ అంచుకి ఆని ఉంది. అరచేతిలో నిలబడి మెడ వంచి కాగితం పట్టుకుంది, కుడివైపు పై మూల.

"నలభై" మొదట వెళ్ళింది.

లాగేయవచ్చు. ఒక్క క్షణం పని. ఎడమ చేతికి నలభై ఏళ్ళ అలవాటు. అక్కడ ఆమె చేతిరాత పోతోంది. ఆమె నా గురించి రాసిపెట్టి పోయిన మాట అది, మళ్ళీ దొరకదు. వేళ్ళు ముడుచుకోబోయాయి, ఆపాను. కాబ్లర్ ఆగి, ఒక కంటితో నన్ను చూసింది. ఎగరలేదు. చూస్తూ ఉంది, నేనేం చేస్తానో అని.

"కోసుకోవే," అన్నాను. "నీ కోసమే రాయించుకుంది పేరు."

కోసింది. తిన్నగా, ఎక్కడా తెగకుండా. ఒక ముక్క కోసి తోకలో గుచ్చుకుని, మళ్ళీ వంగి ఇంకో ముక్క. "గుర్తు చెయ్యను" తోకలో అడ్డంగా నిలబడింది. "మర్చిపోతే" జారి నా ఒళ్ళో పడింది. దాన్ని తీసుకోలేదు. తీసుకుంటే చెయ్యి కదుల్తుంది.

గ్వెండా ఎప్పుడొచ్చిందో తెలియదు. పదకొండు అయి ఉంటుంది. వెనక బ్లూ. ఎవరు ఎవరికి చెప్పారో గాని, ఇద్దరూ గుమ్మంలోనే ఆగారు. గ్వెండా మెల్లగా దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు పైకి తోసుకుని పక్షి తోకలోని అక్షరాలు చదివింది. నోలీన్ రాత ఆమెకి తెలుసు. చేతి రుమాలు తీసింది.

"తక్కెడ తెమ్మంటావా?" అన్నాడు బ్లూ గుసగుసగా.

"నోర్ముయ్," అంది గ్వెండా. "దాన్ని దింపితే చంపుతా."

కాబ్లర్ తనే దిగాక తక్కెడలో పెట్టాం. వచ్చినప్పటికంటే మూడు గ్రాములు ఎక్కువ. కాగితాలతో కలిపి, అంది గ్వెండా. ఆమె సంచిలోంచి పుస్తకం తీసి నోలీన్ పేరు దగ్గర వేలు పెట్టింది.

"పక్కన 'ఇచ్చేశాం' అని రాస్తాను. పేరు మార్చి నీది వెయ్యనా?"

"వద్దు. ఆమెది ఆమెదే. కింద కొంచెం చోటుంటే నాదీ రాయి."

రాసింది. ఇరుకుగా, కానీ రాసింది.

వాళ్ళు వెళ్ళేటప్పుడు బ్లూ, ఇవాళ పండగలా ఉంది, మా ఇంటికి రా, మా ఆవిడ మాంసం రోస్ట్ చేస్తోంది అన్నాడు. రానన్నాను. ఎందుకో చెప్పలేదు. మర్చిపోయినవాడికి వారం రోజులు వంట బంద్. కాగితం పక్షి తోకలో ఉన్నా శిక్ష శిక్షే. మధ్యాహ్నం రొట్టె మీద జామ్ రాసుకుని తిన్నాను. రాత్రికీ అదే.

కాబ్లర్‌కి చిన్న ముక్క పెట్టాను, జామ్ లేకుండా. చేతిలోంచే తీసుకుంది.